1×1×1=1 అని చెప్పి త్రిత్వాన్ని నిరూపించవచ్చా? యూత్ మీటింగ్‌లో మాట్లాడాలి, సలహా కావాలి

ప్రశ్న: ఎమ్మెస్సీ మ్యాథ్స్, హన్మకొండ

అందరికీ వందనాలు. నేను కాకతీయ యూనివర్సిటీలో ఎమ్మెస్సీ మ్యాథ్స్ చదువుతున్నాను. మాది మహబూబాబాద్ దగ్గర పల్లె. ఇక్కడ రూమ్ తీసుకుని ఉంటున్నాను. వచ్చే నెల మా ఊరి సంఘంలో యవ్వనస్తుల కూటం ఉంది. "ఎప్పుడూ బయటి ప్రసంగీకులే ఎందుకు, మన పిల్ల లెక్కలు చదువుతోంది కదా, గణితం, విశ్వాసం అనే అంశం మీద అరగంట చెప్పనీ" అని పాస్టరు అయ్యగారు నా పేరు పెట్టేశారు. సంతోషంగానే ఒప్పుకున్నాను. తయారవడం మొదలుపెట్టాక టెన్షన్ పట్టుకుంది.

మా యూత్ గ్రూపులో వాళ్ళు పంపిన మెటీరియల్ ఇది. త్రిత్వం (తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ముగ్గురూ ఒకే దేవుడు అనే బోధ) అర్థం కావాలంటే 1+1+1=3 అని కూడకూడదు, 1×1×1=1 అని గుణించాలి. అది నచ్చని వాళ్ళకు అనంతం + అనంతం + అనంతం = అనంతం అని చెప్పాలి. ఆ తర్వాత ఒక పాత వార్త: గోడెల్ అనే గొప్ప గణితవేత్త దేవుడున్నాడని రుజువు రాశాడు, కంప్యూటర్ దాన్ని పరీక్షించి సరైనదని తేల్చింది. చివరిది: తర్కానికి అందని సత్యాలున్నాయని అదే గోడెల్ నిరూపించాడు కాబట్టి తర్కంతో దేవుణ్ణి ఎవరూ కాదనలేరు.

నా రూమ్మేట్‌ది కూడా మ్యాథ్సే. తనకు దేవుడి మీద నమ్మకం లేదు, కానీ ఎవరి నమ్మకాన్నీ వెక్కిరించే మనిషి కాదు. నా నోట్సు శ్రద్ధగా చదివి ఒకటే అడిగింది: "1×1×1×1 కూడా ఒకటే కదా, మరి నలుగురని ఎందుకు అనరు?" నా దగ్గర జవాబు లేదు. కాసేపాగి ఇంకో మాట అంది: "క్లాసులో ఎవరైనా ఇలాంటి స్టెప్ రాస్తే నువ్వే ముందు లేచి అడుగుతావు. ఇక్కడ ఎందుకు ఊరుకున్నావు?"

ఆ మాట నన్ను వదలడం లేదు. నా విశ్వాసం ఏమీ పోలేదు. రోజూ ప్రార్థన చేసుకుంటూనే ఉన్నాను. కానీ ఆ కూటానికి ఇంటర్, డిగ్రీ పిల్లలు వస్తారు. నేను ఎమ్మెస్సీ అని నా మాట నమ్ముతారు. రేపు వాళ్ళు కాలేజీలో ఇదే చెప్పి, ఇదే ప్రశ్న ఎదురై, నాలాగే నోరు మూసుకుంటే ఆ బాధ్యత నాది కాదా?

అడగాలనుకున్నది ఇది. వీటిలో నిజంగా నిలబడేది ఏదైనా ఉందా? లేకపోతే లెక్కలు చదివిన క్రైస్తవురాలిగా నిజాయితీగా చెప్పగలిగింది ఏముంది? ఏమీ లేదంటే అయ్యగారికి చెప్పి అంశం మార్చుకుంటాను. నమ్మేవాళ్ళు, నమ్మనివాళ్ళు అందరూ చెప్పండి, గొడవ మాత్రం పడకండి.

జవాబు: నర్సంపేట బ్రదర్

ప్రైజ్ ద లార్డ్ సిస్టర్. ఇంత టెన్షన్ అవసరం లేదు. మీ రూమ్మేట్‌ని ఒక్కటి అడగండి. లెక్కలన్నీ స్వీకృతాల మీద కదా నిలబడేది? వాటికి రుజువు ఉందా? లేదు. రుజువు లేకుండానే ఒప్పుకుంటారు. అంటే లెక్కలు కూడా విశ్వాసమే. ఆమె స్వీకృతాలను నమ్ముతుంది, మనం దేవుణ్ణి నమ్ముతాం. ఇక తేడా ఏముంది? 1×1×1 అనేది చిన్నపిల్లలకు గుర్తుండటానికి చెప్పే మాట, దాన్ని అంతగా తవ్వక్కర్లేదు.

జవాబు: లెక్కల సార్, హన్మకొండ

బిడ్డా, నేను గవర్నమెంట్ జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. మా బాప్టిస్టు సంఘంలో ఆదివారం బైబిలు తరగతి కూడా నడుపుతాను. రెండూ నాకు ప్రాణం. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

నీ రూమ్మేట్ సరైన ప్రశ్న అడిగింది. ఒకటిని ఎన్నిసార్లు గుణించినా ఒకటే వస్తుంది. ఆ లెక్క ముగ్గురికి ఎంత ఆధారమో నలుగురికీ, నలభై మందికీ అంతే ఆధారం. ఇంకా వెనక్కి వెళ్ళి అడుగు: అసలు గుణకారమే ఎందుకు? తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మల మధ్య ఉన్న ఏ సంబంధాన్ని ఆ గుర్తు చూపిస్తోంది? ఎవరూ చెప్పరు. కూడితే కావలసిన జవాబు రాలేదు, గుణిస్తే వచ్చింది, అందుకని గుణించారు. పరీక్షలో "అని చూపండి" అనే లెక్కల్లో జవాబు ప్రశ్నలోనే ఉంటుంది కదా. కొందరు పిల్లలు పైనుంచి నాలుగు లైన్లు, కిందినుంచి నాలుగు లైన్లు రాసి మధ్యలో ఏదో ఒకటి అతికించేస్తారు. ఇదీ అంతే. చివరి లైను నిజమే అయినా దానికి మార్కులు వేయలేం.

అనంతం సంగతి ఇంకా చిక్కు. అనంతం అంటే ఏ అనంతం? వాస్తవ సంఖ్యలను ఒకటి, రెండు, మూడు అని వరసపెట్టి ముగించలేమని గణితవేత్త జార్జ్ కాంటర్ 1874లో నిరూపించాడు. 1891లో ఆయన ఇచ్చిన కర్ణ పద్ధతి (డయాగొనల్ ఆర్గ్యుమెంట్) మీ సిలబస్‌లో ఉండే ఉంటుంది. ఏ సమితిని తీసుకున్నా దాని ఉపసమితులన్నిటి సమితి అంతకన్నా పెద్దది, కాబట్టి అనంతాలకు అంతు లేదు. ఈ కాంటర్ లూథరన్ క్రైస్తవుడు, భక్తిపరుడు. తన అనంతాలు దేవుడి మహిమకు అడ్డు వస్తాయేమోనని ఎవరైనా అనుకుంటారని ఆయనకు దిగులుండేది. 1886లో కార్డినల్ ఫ్రాంజెలిన్‌తో ఉత్తరాలు నడిపాడు. అందులో ఆయన పట్టుబట్టి చేసిన విభజన ఒకటుంది. లెక్కల్లో వచ్చే అనంతాన్ని ఇంకా పెంచవచ్చు, అది సృష్టికి చెందింది. దేవుడి అనంతాన్ని పెంచడానికి వీల్లేదు, ఏ సంఖ్యతోనూ దాన్ని పట్టుకోలేం. దానికి ఆయన పెట్టిన పేరు పరమ అనంతం. అనంతాలను ఎలా కూడాలో ప్రపంచానికి నేర్పిన మనిషే దేవుణ్ణి ఆ కూడికలోకి దింపడానికి ఒప్పుకోలేదు! ఇది నీ పిల్లలకు తప్పకుండా చెప్పు.

మరి త్రిత్వం గురించి లెక్కల మనిషి ఏం చెప్పాలి? అసలు కష్టం ఎక్కడుందో చూపించాలి. సంఘం చెప్పేది ఇది: దేవుడు ఒక్కడే. తండ్రి దేవుడు, కుమారుడు దేవుడు, పరిశుద్ధాత్మ దేవుడు. తండ్రి కుమారుడు కాడు, కుమారుడు ఆత్మ కాడు. ఇప్పుడు "తండ్రి దేవుడు" అన్నచోట సమాన గుర్తు పెట్టి చూడు. తండ్రి = దేవుడు, కుమారుడు = దేవుడు, కాబట్టి తండ్రి = కుమారుడు అని వచ్చేస్తుంది. ముగ్గురూ ఒకే వ్యక్తి వేసిన మూడు వేషాలు అనే బోధ ఇక్కడికే చేరుతుంది, తొలి శతాబ్దాల్లోనే సంఘం దాన్ని తోసేసింది. పోనీ సమాన గుర్తు తీసి, సమితుల్లో వాడే "చెందుతుంది" గుర్తు పెట్టు. అప్పుడు దేవుళ్ళ సమితిలో ముగ్గురు సభ్యులు ఉన్నట్టు, అంటే ముగ్గురు దేవుళ్ళు. దాన్నీ సంఘం ఒప్పుకోదు. మనకు బాగా తెలిసిన రెండు గుర్తుల్లో ఏదీ ఇక్కడ సరిపోవడం లేదు.

325లో నీకయలో, 381లో కాన్‌స్టాంటినోపుల్‌లో సంఘ మహాసభల్లో కూర్చున్న పెద్దలు ఈ చిక్కు తెలియక మాట్లాడలేదు. స్వభావం ఒకటి, వ్యక్తులు ముగ్గురు అని వేరు చేశారు. ఒకే విషయాన్ని ఒకటి అనీ మూడు అనీ అంటే అది వైరుధ్యం. ఒక విషయాన్ని ఒకటి అని, వేరే విషయాన్ని మూడు అని అంటే వెంటనే వైరుధ్యం అనలేం. ఇరవయ్యో శతాబ్దంలో పీటర్ గీచ్ అనే తర్కవేత్త దీన్ని ఇంకా ముందుకు తీసుకెళ్ళాడు. "ఇదీ అదీ ఒకటే" అని ఊరికే అనడం కుదరదు, ఒకటే ఏమిటో చెప్పాలి, కాబట్టి ఒకే దేవుడు అయి ఉండి ఒకే వ్యక్తి కాకపోవచ్చు అన్నాడు. చాలామంది తర్కవేత్తలు దీన్ని ఒప్పుకోలేదు. చర్చ ఇప్పటికీ సాగుతోంది. పిల్లలకు ఇంతవరకు చెప్పి, ఇది రుజువు కాదనీ, మనం ఏం అంటున్నామో ఏం అనడం లేదో తేల్చుకోవడం మాత్రమేననీ చెబితే వాళ్ళకు అవమానం జరగదు. ఆ పిల్లలు నువ్వనుకున్న దానికన్నా తెలివైనవాళ్ళు.

గోడెల్ రాసిన దేవుడి రుజువు గురించి కంప్యూటర్ తెలిసినవాళ్ళు రాస్తే మంచిది. నేను మీ గ్రూపువాళ్ళ చివరి మాటకు మూలమైన ఆయన 1931 సిద్ధాంతం గురించి చెబుతా. అది చెప్పేది ఇంతే: కూడిక, గుణకారం ఉన్న అంకగణితాన్ని పట్టగలిగిన, వైరుధ్యం లేని, స్వీకృతాలు ఏవో యాంత్రికంగా గుర్తించగలిగిన ఏ పద్ధతి తీసుకున్నా, ఆ పద్ధతిలో రుజువు చేయలేని, కాదని కూడా చూపలేని ఒక వాక్యం ఉంటుంది. ఆ వాక్యం సంఖ్యల గురించినది. దేవుడి గురించి అందులో ఏమీ లేదు. "తర్కం అంతా అసంపూర్ణం" అనేది కూడా తప్పు. గుణకారం తీసేసి కూడిక మాత్రం ఉంచితే ఆ అంకగణితం సంపూర్ణమేనని, అంటే అందులో ప్రతి వాక్యాన్నీ రుజువు చేయవచ్చు లేదా కాదని చూపవచ్చని, ప్రెస్‌బర్గర్ 1929లో చూపించాడు. ఒక సిద్ధాంతంలో ఇన్ని షరతులు ఉన్నప్పుడు షరతులు వదిలేసి ముగింపు మాత్రం పట్టుకుపోవడం మన చదువుకు ద్రోహం.

నర్సంపేట తమ్ముడూ, మీ ప్రేమ అర్థమైంది కానీ స్వీకృతాల మాట నేను ఒప్పుకోలేను. జ్యామితిలో యూక్లిడ్ ఐదో స్వీకృతాన్ని (సమాంతర రేఖల గురించినది) కాదంటే ఏమవుతుందో చూద్దామని జెరోలమో సాకెరి అనే జెస్విట్ గురువు 1733లో ఒక పుస్తకమే రాశాడు. వైరుధ్యం వస్తుందని ఎదురుచూశాడు. వచ్చినవి వింత ఫలితాలే గాని వైరుధ్యం కాదు. వందేళ్ళ తర్వాత లొబచెవ్‌స్కీ, బోల్యాయి ఆ దారినే వెళ్ళి వేరే జ్యామితి కట్టారు. స్వీకృతంతో అలా చేయవచ్చు: ఇవాళ ఒప్పుకుని చూడు, రేపు మార్చి చూడు, ఎవరి మనసూ నొచ్చుకోదు. యేసుక్రీస్తును నమ్మడం అలాంటిదా? ఆయన మీద మనం బతుకు పెట్టుకున్నాం. ఒక మనిషి ఇంకొకరిని నమ్మడం వేరు, ఆట మొదలుపెట్టడానికి నియమం ఒప్పుకోవడం వేరు. రెండూ ఒకటే అంటే మన విశ్వాసాన్నే చిన్నది చేసుకున్నట్టు.

ఇక నువ్వు చెప్పగలిగింది ఏముంది అంటావా? పౌలు రాసిన మొదటి కొరింథీ 15 తెరువు. 12వ వచనం నుంచి 20 వరకు పెన్సిలు పట్టుకుని చదువు. మృతుల పునరుత్థానం లేకపోతే క్రీస్తు లేవలేదు. క్రీస్తు లేవకపోతే మా ప్రకటన వ్యర్థం, మీ విశ్వాసం వ్యర్థం, మేము దేవుడి గురించి అబద్ధ సాక్షులం. "అయితే" తర్వాత "అయితే", గొలుసు. ఆ తర్వాత 20వ వచనంలో క్రీస్తు లేచాడు అని వస్తుంది, దాంతో మొదటి వాక్యం వెనక్కి తిరుగుతుంది: కాబట్టి పునరుత్థానం ఉంది. తర్కం క్లాసులో మనం చెప్పే రూపమే ఇది, ఒక్క మెట్టు కూడా తప్పు లేదు.

కానీ "క్రీస్తు లేచాడు" అనేది పౌలుకు ఎక్కడినుంచి వచ్చింది? తర్కం నుంచి రాలేదు. అదే అధ్యాయం పైన చూడు. కేఫాకు (పేతురుకు) కనబడ్డాడు, పన్నెండుగురికి కనబడ్డాడు, ఒకేసారి ఐదు వందల మందికి పైగా కనబడ్డాడు, వాళ్ళలో ఎక్కువమంది ఇంకా బతికే ఉన్నారు అంటాడు. వెళ్ళి అడగండి అన్నట్టే కదా. ఏది దేనిమీద ఆధారపడిందో తర్కం చూపించింది, ఆధారం మాత్రం సాక్షులది. పైగా ఆ మనిషి ధైర్యం చూడు! ఏది అబద్ధమైతే తన విశ్వాసం మొత్తం కూలిపోతుందో తానే వేలు పెట్టి చూపించాడు. గణితం, విశ్వాసం అనే మాటకు నాకు బైబిల్లో ఇంతకన్నా మంచి చోటు దొరకలేదు. అంశం మార్చుకోకు.

జవాబు: కరీంనగర్ కోడర్

నేను నమ్మేవాణ్ణి కాదు. సార్ అడిగారు కాబట్టి కంప్యూటర్ సంగతి చెబుతాను. రుజువులను యంత్రంతో పరీక్షించే సాఫ్ట్‌వేర్ మీద కొంత పని చేశాను.

గోడెల్ 1970లో తన రుజువును తర్కవేత్త డానా స్కాట్‌కు చూపించాడు. గోడెల్ 1978లో చనిపోయాడు, అది 1987లో గాని అచ్చు కాలేదు. 11వ శతాబ్దంలో ఆన్సెల్మ్ అనే క్రైస్తవ పండితుడు దేవుడున్నాడని చేసిన వాదనకు ఇది ఆధునిక తర్కంలో ఒక రూపం. 2013లో బెంజ్‌ముల్లర్, వోల్ట్‌సెన్‌లోగెల్ పాలియో అనే ఇద్దరు దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించారు. యంత్రం తేల్చింది ఏమిటంటే, స్కాట్ రాసిన రూపంలోని స్వీకృతాలు ఒప్పుకుంటే ముగింపు వస్తుంది అని. ఆ స్వీకృతాలు నిజమా అని యంత్రం చెప్పలేదు, చెప్పడం దానికి సాధ్యం కూడా కాదు. "మంచి గుణం" అంటే ఏమిటి, తప్పనిసరిగా ఉండటం మంచి గుణమా అనే చోటే అసలు గొడవంతా ఉంది.

మీ గ్రూపు వాళ్ళు పంపని రెండు విషయాలు ఉన్నాయి. గోడెల్ సొంత చేతిరాతలో ఉన్న రూపంలో స్వీకృతాలు, నిర్వచనాలు కలిస్తే వైరుధ్యం వస్తుందని తర్వాత ఆ యంత్రమే పట్టుకుంది. ఒక నిర్వచనంలో స్కాట్ చేర్చిన చిన్న ముక్క వల్ల ఆయన రూపం బతికింది. రెండోది మీకు ఇంకా ముఖ్యం. ఆ స్వీకృతాల నుంచే "జరిగిందంతా తప్పనిసరిగా జరగాల్సిందే, ఇంకోలా ఉండే వీలే లేదు" అని కూడా వస్తుంది. దేవుడు తన ఇష్టంతో సృష్టి చేశాడని, మనిషికి ఎంచుకునే స్వేచ్ఛ ఉందని మీరు చెబుతారు కదా. ఆ రుజువు ఒప్పుకుంటే ఆ రెండూ పోతాయి. మీ పిల్లలకు చెప్పే ముందు ఇది ఆలోచించండి.

సార్ రాసిన కొరింథీ భాగం చదివాను. వాదన రూపం సరిగ్గానే ఉంది, దాచిపెట్టింది లేదు. నా అభ్యంతరం సాక్ష్యం దగ్గర. చనిపోయినవాడు లేవడం అంత అరుదైన సంగతికి ఎంత సాక్ష్యమైతే సరిపోతుంది? 1748లో హ్యూమ్ అనే తత్వవేత్త ఇదే అడిగాడు. సాక్ష్యాన్ని బట్టి నమ్మకం ఎంత మారాలో లెక్క కట్టే పద్ధతి ఇచ్చిన థామస్ బేస్ స్వయంగా ఒక చర్చి పాస్టరు. ఆయన చనిపోయాక 1763లో దాన్ని అచ్చు వేయించిన రిచర్డ్ ప్రైస్ కూడా పాస్టరే. ప్రైస్ 1767లో ఆ లెక్కతోనే హ్యూమ్‌కు జవాబు రాశాడు. బేస్ సూత్రం ఇద్దరికీ ఒకటే. మొదట ఎంత నమ్మకంతో మొదలుపెడతారన్నది, సాక్షులు ఒకరినొకరు చూసి చెప్పారా, విడివిడిగా చెప్పారా అన్నది మాత్రం సూత్రం చెప్పదు. నేను చాలా తక్కువతో మొదలుపెడతాను, అందుకే మీ ముగింపుకు రాలేను. కానీ ఈ మాట మీ కూటంలో బయటపెట్టి మాట్లాడితే, నాలాంటివాడు కూడా కూర్చుని వింటాడు. 1×1×1 అంటే లేచి వెళ్ళిపోతాడు.

జవాబు: ఫాతిమా నగర్ ఉపదేశి

అమ్మా, నేను కాథలిక్కును, కాజీపేటలో పిల్లలకు సత్యోపదేశం చెబుతాను. నీ రూమ్మేట్ వేసిన ప్రశ్నను పదమూడో శతాబ్దంలోనే కాథలిక్ పండితుడు థామస్ అక్వినాస్ ఊహించినట్టుంది. త్రిత్వాన్ని బుద్ధితో నిరూపించలేం అని ఆయన సూటిగా రాశాడు. అంతటితో ఆగలేదు. నిలబడని కారణాలు తెచ్చి నిరూపించబోతే నమ్మనివాళ్ళు నవ్వుతారు, మనం ఆ కారణాల మీదే నమ్ముతున్నామని అనుకుంటారు అని హెచ్చరించాడు. నీకు కలిగిన బాధ సరిగ్గా ఇదే. నీకన్నా ముందు ఆయనకు కలిగింది.

ఇంకో మాట చేర్చనివ్వు. "దేవుడికి తర్కం వర్తించదు, ఆయనకు అసాధ్యం లేదు" అని కూటంలో ఎవరో ఒకరు లేచి అంటారు, సిద్ధంగా ఉండు. అక్వినాస్ దీన్నీ ఒప్పుకోలేదు. త్రిభుజం మూడు కోణాలు రెండు లంబకోణాలకు సమానం కాకుండా దేవుడు చేయలేడు అని ఆయన ఉదాహరణే ఇచ్చాడు. ఆయన చెప్పేది యూక్లిడ్ త్రిభుజం గురించి, సార్ చెప్పిన కొత్త జ్యామితులు అప్పటికి లేవు. వైరుధ్యం అనేది చేయగలిగే పనే కాదు కాబట్టి, దాన్ని చేయలేకపోవడం దేవుడికి లోటు కాదు అంటాడు. తత్వవేత్త డెకార్ట్ మాత్రం 1630లో మెర్సెన్‌కు రాసిన ఉత్తరాల్లో గణిత సత్యాలు కూడా దేవుడి సంకల్పం వల్లే ఉన్నాయి అన్నాడు. ఉత్తరం అందుకున్న మెర్సెన్ ఒక సన్యాసి, మీరు చదివే మెర్సెన్ ప్రధాన సంఖ్యల మనిషే. నాకు అక్వినాస్ మాటే సరైనది అనిపిస్తుంది. ఇచ్చిన మాట తప్పని దేవుడు అని మనం పాడుకునేది, ఆయనలో అవునూ కాదూ రెండూ ఒకేసారి ఉండవనే కదా.

త్రిత్వం దగ్గర పాతకాలపు బిషప్పు అగస్టీను ఒక మాట అన్నాడు. "ముగ్గురు వ్యక్తులు" అనేది ఉన్నది ఉన్నట్టు చెప్పగలిగామని కాదు, ఏమీ మాట్లాడకుండా ఉండిపోకూడదని అంటున్నాం అని. సార్ రాసిన రెండు గుర్తుల కష్టం చదువుతుంటే నాకు అదే గుర్తొచ్చింది.

ప్రశ్న అడిగినవారు: ఎమ్మెస్సీ మ్యాథ్స్, హన్మకొండ

అందరికీ చాలా థాంక్స్. నర్సంపేట అన్నా, మీరు ధైర్యం చెప్పారు, అది మరచిపోను. రూమ్మేట్‌తో కలిసి మొత్తం చదివాం. కరీంనగర్ అన్న రాసింది తనకు బాగా నచ్చింది. కూటానికి వస్తానంది, వెనక కూర్చుంటానంది.

1×1×1, అనంతం, గోడెల్ అన్నీ తీసేస్తున్నాను. తీసేయడం కాదు, ఎందుకు వాడకూడదో మొదట కాసేపు చెబుతాను. ఆ తర్వాత కాంటర్. ఆ తర్వాత కొరింథీ 15 బోర్డు మీద. అయ్యగారికి ఫోన్లో చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "పాత మాటలు తీసేస్తున్నావంటే వాటి చోట వాక్యం పెట్టు, ఖాళీ వదలకు" అన్నారు. ఒప్పుకున్నట్టే.

సార్, రెండు సందేహాలు. బోర్డు మీద గొలుసు రాసినప్పుడు పిల్లలు ఏ తప్పు చేసే అవకాశం ఎక్కువ? ఇంకొకటి, తీతు పత్రిక 1:12లో "క్రేతు వాళ్ళు ఎప్పుడూ అబద్ధాలాడతారు" అని ఆ క్రేతు ద్వీపం వాడే అన్నాడని ఉంది. ఇది తర్కంలో చెప్పే అబద్ధికుడి చిక్కే కదా? దీన్ని కూడా చేర్చనా?

జవాబు: లెక్కల సార్, హన్మకొండ

మీ అయ్యగారు మంచి మాట అన్నారు.

గొలుసు గురించి: పిల్లలు తిరగేస్తారు. "క్రీస్తు లేవకపోతే విశ్వాసం వ్యర్థం" అని రాయగానే "నా విశ్వాసం నా బతుకు మార్చింది, అంటే వ్యర్థం కాదు, కాబట్టి క్రీస్తు లేచాడు" అని ఒకరంటారు. రూపం చూస్తే తప్పు లేదు, కానీ "వ్యర్థం" అనే మాట జారిపోయింది. పౌలు అక్కడ వ్యర్థం అంటున్నది మీరింకా మీ పాపాల్లోనే ఉన్నారు అనే అర్థంలో, 17వ వచనం చూడు. మనసుకు ఊరట దొరికిందా లేదా అని ఆయన అడగడం లేదు. ఇంకొకరు "క్రీస్తు లేస్తే విశ్వాసం వ్యర్థం కాదు" అని రాస్తారు. అది పౌలు వాక్యం నుంచి రాదు. వర్షం పడకపోతే పంట పండదు అన్నంత మాత్రాన, వర్షం పడితే పంట పండి తీరుతుందని కాదు కదా. ఇలాంటి తప్పులు వచ్చినప్పుడు పిల్లల్ని కసరకు. బోర్డు మీద వాళ్ళ వాక్యం అలాగే ఉంచి, పక్కన పౌలు వాక్యం రాసి, తేడా వాళ్ళనే కనిపెట్టమను.

తీతు సంగతి. అది అసలైన చిక్కు కాదు. ఆ క్రేతు వాడి మాట నిజం అనుకో. అప్పుడు అతని మాట కూడా అబద్ధమే కావాలి. కాబట్టి అది నిజం కావడానికి వీల్లేదు, అబద్ధం. అబద్ధం అంటే ఏమిటి? ఎప్పుడో ఒకసారి, ఎవరో ఒక క్రేతు వాడు, ఒక్క నిజం చెప్పాడు అని. అంతే, వైరుధ్యం ఏమీ రాలేదు. చిక్కు రావాలంటే "ఈ వాక్యం అబద్ధం" అని వాక్యం తన గురించే తాను చెప్పుకోవాలి. గోడెల్ తన 1931 వ్యాసంలో ఆ చిక్కుకూ తన వాక్యానికీ ఉన్న పోలికను తానే చెప్పాడు. "అబద్ధం" ఉన్నచోట "రుజువు చేయలేనిది" అని పెట్టి, దాన్ని సంఖ్యల భాషలో రాయడం ఆయన ప్రతిభ. నీ రూమ్మేట్‌కు ఇది నచ్చుతుంది.

అయితే 13వ వచనంలో పౌలు ఈ సాక్ష్యం నిజమే అంటాడు. "ఎప్పుడూ" అనే మాటను లెక్కల్లో "ప్రతి" అన్నట్టు పట్టుకుంటే ఇక్కడ ఇబ్బంది వస్తుంది. కానీ అదే అధ్యాయం ఐదో వచనంలో, అదే క్రేతులో ఊరూరా నిందలేని పెద్దలను నియమించమని తీతుకు చెప్పాడు. అందరూ ప్రతిసారీ అబద్ధమే ఆడితే అలాంటి పెద్దలు ఎక్కడ దొరుకుతారు? కాబట్టి పౌలే ఆ మాటను "ప్రతి" అనే అర్థంలో వాడలేదు. జనం ఒక ఊరివాళ్ళ గురించి అనుకునే మాటగా ఎత్తుకున్నాడు.

దీన్ని ప్రసంగంలో పెట్టకు, ప్రశ్నల సమయానికి ఉంచుకో. "క్రేతు వాళ్ళు ఎప్పుడూ అబద్ధాలాడతారు" అనే వాక్యానికి వ్యతిరేకం రాయమంటే పిల్లల్లో ఎక్కువమంది "క్రేతు వాళ్ళు ఎప్పుడూ నిజాలే చెబుతారు" అని రాస్తారు. ఇంటర్ పిల్లల దగ్గర ఏటా చూసిన తప్పు ఇది. దాన్ని దిద్దడానికే పది నిమిషాలు పడుతుంది, నీ దగ్గర ఉన్నది అరగంట. ఆ పది నిమిషాలూ కొరింథీకి ఇవ్వు.